సామాను దగ్గర నిలిచినవాని వంతు

ధ్యాన భాగము: 1 సమూయేలు 30:1–25



వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగి, దేవుని కృపవలన ప్రాణము దక్కి ఇల్లు చేరిన మనుష్యుడు వెంటనే పనికి లేవలేడు. ఒళ్లంతయు నీరసముగా నుండును. లేచి నిలువబోయినప్పుడు కండ్లు తిరుగును. చూచువారికి గాయము కనబడదు. జ్వరము లేదు, అన్నము తినుచున్నాడు, మాటలాడుచున్నాడు. అయినను నాలుగు అడుగులు నడిచి మరల మంచము చేరుచున్నాడు. అట్టివాడు తన యింటికిని సంఘమునకును ఏమగును? బరువా, లేక పాలివాడా? పని చేయలేని దినములలో తాను తిను అన్నమునకు అతనికి హక్కు ఏ ఆధారమున కలదు? ఈ నెల ఈ ప్రశ్ననుగూర్చి వాక్యపు వెలుగులో ధ్యానింతము.

ఇది పండితులు వాదించుకొను ప్రశ్నవలె కనబడవచ్చును. కాని కూలి చేసికొని బ్రదుకు ఇంటిలో ఇది పూటపూటకు లేచు ప్రశ్న. సికింద్రాబాదు రైలు స్టేషనును ఆనుకొని బోయిగూడ అను పేట కలదు. బోయీ యనగా పల్లకి మోయువాడని మీరెరుగుదురు. పల్లకీల కాలము పోయినను ఆ పేటలో మోతపని పోలేదు. అక్కడ కలప డిపోలున్నవి. లారీలనుండి దుంగలు దించు హమాలీలున్నారు. ముషీరాబాదులోని గాంధీ ఆసుపత్రి అక్కడికి దగ్గర. ఆ ఆసుపత్రి మునుపు స్టేషను సమీపముననే యుండి, 2003లో పాత చెరసాల యుండిన స్థలమునకు మార్చబడెను. పల్లెలనుండి రైలులో దిగి, చేతిలో కాగితముల సంచితో, అన్నపు గిన్నెతో ఆ దారిని నడచువారిని ఏ దినమున వెళ్లినను చూడవచ్చును. బరువు మోయువారును, బరువు మోసి నడుము చెడినవారును ఒకే వీధిలో ఎదురుపడు స్థలమది.

మా సంఘమునకు చెందిన ఒక సహోదరుడు ఆ పేటలో అనేక సంవత్సరములు దుంగలు మోసెను. నడుము పూసల మధ్యనుండు మెత్తని బిళ్ల పక్కకు జారి, కాలికి పోవు నరమును నొక్కెను. కాలు మొద్దుబారెను. శస్త్రచికిత్స జరిగెను, కాలి నొప్పి తగ్గెను, సంఘమంతయు దేవుని స్తుతించెను. మూడు వారములు గడచిన పిమ్మట ఆయన ఆదివారపు ఆరాధనకు వచ్చి, సాక్ష్యము చెప్పుటకు నిలువబడి, రెండు మాటలైనను ముగియకమునుపే కండ్లు బైర్లు కమ్మి కూర్చుండిపోయెను. ఆ దినమునుండి గుసగుసలు మొదలాయెను. “దేవుడు బాగుచేసె గదా, మరి ఈ తల తిరుగుడేంది? విశ్వాసములో ఏదో లోటున్నది” అని కొందరనిరి. “ఇంక పండుకొనుడేనా?” అని మేస్త్రీ కబురంపెను. ఆయన భార్య నాలుగిండ్లలో అంట్లు తోమి ఇల్లు నడుపుచుండెను. మేము చూడబోయినప్పుడు ఆయన మాతో, “అయ్యగారూ, దుంగ మోసినప్పుడు మోసిన కాడ దించేటోన్ని. ఈ మాటల బరువు యాడ దించాలె?” అనెను.

ఆ సహోదరుని వంటివారు మన సంఘములలో ఇంక అనేకులున్నారు. 2007లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ పథకము ఆరంభమైనది మొదలుకొని, పూర్వము ధనవంతులకే దక్కిన శస్త్రచికిత్సలు పేదలకును దక్కుచున్నవి. తెలంగాణలో 2023 డిసెంబరులో దాని పరిమితి కుటుంబమునకు సంవత్సరమునకు 10 లక్షల రూపాయలకు పెంచబడెను. ఇది గొప్ప మేలు. దీనికొరకు మనము కృతజ్ఞులమై యుండవలెను. కాని కోతకు ఖర్చు పెట్టువారు దొరికినను, కోత తరువాతి విశ్రాంతికి ఖర్చు పెట్టువారు దొరకుట కష్టము. ఆ విశ్రాంతికిని వెల యున్నదని గుర్తించి, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శస్త్రచికిత్స తరువాత కోలుకొను దినములకు దినమునకు 225 రూపాయలు, నెలకు 5,000 రూపాయలు మించకుండ, భృతి ఇచ్చు ఏర్పాటొకటి ఆరంభించెను. ప్రభుత్వము గుర్తించిన సంగతిని క్రీస్తు సంఘము గుర్తింపకుండుట తగునా?

ఆ నీరసము ఎక్కడినుండి వచ్చును?

ముందుగా ఈ అలసటయు తల తిరుగుడును ఏమైయున్నవో తెలిసికొనవలెను. తెలియనిచోటనే నిందలు పుట్టును.

వీపుమీద గాటు బెత్తెడే కావచ్చును. లోపల మాత్రము వెన్నును పట్టియుంచు కండరములు పక్కకు తీయబడును. నరమునకు చోటు చేయుటకై ఎముకను కొంత చెక్కుదురు. కొందరికి పూసలను మరలతో బిగింతురు. కొంత రక్తము పోవును. ఆ గాయమును మాన్పుకొనుటకు దేహము తన బలమును లోపలనే ఖర్చు చేయుచుండును. బయటికి పండుకొన్నట్లు కనబడువాడు లోపల పెద్దపనిలో నున్నాడు. చిన్న శస్త్రచికిత్సయైనను కోలుకొనుటకు వారములు పట్టును. ఎముకకు ఎముక అతుకవలసి యున్నయెడల నెలలు పట్టును.

కండ్లు తిరుగుటకును కారణములున్నవి. మనము లేచి నిలిచినప్పుడు రక్తము కాళ్లలోనికి దిగును. ఆరోగ్యవంతుని రక్తనాళములు వెంటనే బిగిసి దానిని పైకి పంపును. చాల దినములు పండుకొన్నవానిలో ఆ అలవాటు మందగించును. తలకు చేరు రక్తము క్షణకాలము తగ్గి కండ్లు చీకట్లు కమ్మును. నొప్పికిని నరములకును ఇచ్చు మాత్రలు కొన్ని మత్తును తల తిరుగుడును కలిగించును. మరియొక కారణము మన యిండ్లలో మేము తరచుగా చూచుచున్నది: మరుగుదొడ్డికి మాటిమాటికి లేవవలసి వచ్చునను భయముచేత రోగి నీళ్లు తాగుట మానివేయును. నీళ్లు తగ్గినప్పుడు తల తిరుగుడు హెచ్చును. దీనికి తోడు పథ్యము. పప్పు తిన్నయెడల చీము పట్టునని, గుడ్డు వేడి చేయునని చెప్పి, చారును మెతుకులును పెట్టుచుందురు. మానవలసిన మాంసమునకు పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూరలు కావలెను. వైద్యుడు వద్దన్నది తప్ప మిగిలినవన్నియు పెట్టుడి.

లేచునప్పుడు ఒక్కసారిగా లేవరాదు. నడుము మెలిపెట్టక ఒళ్లంతయు ఒక్కటిగా పక్కకు దొర్లి, చేతితో నొక్కి కూర్చుండి, కాళ్లు వ్రేలాడవేసి, ఇరువది మూడవ కీర్తనను మనస్సులో చెప్పుకొనునంత సేపు ఆగవలెను. పిమ్మట ఒకరిని పట్టుకొని నిలువవలెను. కండ్లు తిరిగినయెడల సిగ్గుపడక వెంటనే కూర్చుండవలెను. పడిపోవుటకంటె కూర్చుండుట మేలు. మాత్రలు తమంతట తాము మానరాదు. అవి మత్తు కలిగించుచున్నవని వైద్యునితో చెప్పవలెను. లేచినంతనే తీవ్రమైన తలనొప్పి వచ్చి పండుకొన్నప్పుడు తగ్గుచున్నను, గాయమునుండి నీరుగాని చీముగాని కారుచున్నను, జ్వరము వచ్చినను ఆ దినమే వైద్యునికి చూపవలెను. కాళ్లు క్రొత్తగా బలహీనమైనను, మూత్రము ఆగినను లేక పట్టు తప్పినను, పిక్క వాచినను, ఛాతి నొప్పి లేక ఆయాసము కలిగినను, తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రార్థన చేయుచు దారిలో నడువుడి. ప్రార్థన పేరట ఆలస్యము చేయకుడి.

విశ్వాసము చాలనందున తల తిరుగుచున్నదను మాటకు వాక్యములో ఆధారము లేదు. పేతురు అత్త జ్వరము విడిచిన వెంటనే లేచి ఉపచారము చేసెనని మార్కు మొదటి అధ్యాయములో నున్నది. దానిని పట్టుకొని కొందరు రోగులను తొందరపెట్టుదురు. అదే మార్కు ఎనిమిదవ అధ్యాయములో బేత్సయిదా గ్రుడ్డివానినిగూర్చి చదువుడి. ప్రభువు మొదటిసారి చేతులుంచిన తరువాత అతనికి మనుష్యులు నడచు చెట్లవలె కనబడిరి. ప్రభువు అతని నిందింపలేదు. ఏమి కనబడుచున్నదని అడిగి, మరల చేతులుంచెను. యాయీరు కుమార్తెను మరణమునుండి లేపిన తరువాత ఆమెకు ఆహారము పెట్టుడని ఆజ్ఞాపించెను. సమాధినుండి లేచివచ్చిన లాజరుకు కట్లు విప్పుపని చుట్టునున్నవారికి అప్పగించెను. మరణమును జయించిన ఆ చేతులకు కట్లు విప్పుట కష్టమా? కాదు, ఆ పని తన ప్రజలు చేయవలెనని ఆయన కోరెను.

బెసోరు వాగు దగ్గర

ఇప్పుడు మన ధ్యాన భాగమునకు వత్తము. దావీదును అతనితోకూడ ఆరువందలమందియు మూడవ దినమున సిక్లగు చేరిరి. ఊరు కాలిపోయియుండెను; భార్యలను పిల్లలను అమాలేకీయులు చెరపట్టుకొనిపోయిరి. ఏడ్చుటకు శక్తి లేకపోవువరకు వారందరు ఏడ్చిరి. పిమ్మట శత్రువును తరుముటకు బయలుదేరిరి. బెసోరు వాగు దగ్గర రెండువందలమంది మిక్కిలి అలసి వాగు దాటలేక నిలిచిపోయిరి. నాలుగువందలమంది ముందుకు పోయిరి.

ఇక్కడ ఒక సంగతి గమనింపుడి. ఆరువందలమందియు ఒకే దారి నడచిరి, ఒకే దుఃఖము పొందిరి. అయినను నాలుగువందలమందికి కాళ్లు ఆడెను, రెండువందలమందికి ఆడలేదు. ఏలయని వాక్యము చెప్పదు. వారు పాపము చేసిరని చెప్పదు, విశ్వాసము తక్కువవారనియు చెప్పదు. అలసిరని మాత్రమే చెప్పుచున్నది. ఒకే శస్త్రచికిత్స జరిగిన ఇద్దరిలో ఒకడు పదిహేను దినములకే సంతకు పోవచ్చును, మరియొకడు రెండు నెలలు గోడ పట్టుకొని నడువవచ్చును. దేహములు అట్టివి.

ముందుకు పోయినవారికి పొలములో ఒక ఐగుప్తీయుడు కనబడెను. వాడు ఒక అమాలేకీయుని దాసుడు. మూడు దినములక్రిందట వాడు కాయిలా పడినందున యజమానుడు విడిచిపోయెను. అన్నము లేదు, నీళ్లు లేవు. దావీదు మనుష్యులు వానికి రొట్టెయు నీళ్లును, అంజూరపు పండ్ల అడలో ముక్కయు, రెండు ద్రాక్షగెలలును ఇచ్చిరి. వాని ప్రాణము తెప్పరిల్లెను. ఒకే అధ్యాయములో రెండు రాజ్యముల ధర్మము మనకు కనబడుచున్నది. జబ్బుపడినవాడు ఇక పనికిరాడని దారిలో విడుచుట అమాలేకు ధర్మము. అలసినవానికి చోటిచ్చి నిలుపుకొనుట దేవుని ప్రజల ధర్మము.

జయము కలిగి తిరిగి వచ్చినప్పుడు దావీదు ఆ రెండువందలమందియొద్దకు వెళ్లి ముందుగా వారి క్షేమము అడిగెను. మీ అలసట నిజమేనా యని విచారణ పెట్టలేదు. అయితే అతనితో వచ్చినవారిలో దుష్టులైనవారు కొందరు, వీరు యుద్ధమునకు రాలేదు గనుక దోపుడు సొమ్ములో వీరికి భాగము లేదు, తమ భార్యాపిల్లలను తీసికొని పోవచ్చునని చెప్పిరి. ఈ మాట ఆలకించుటకు న్యాయముగనే యుండును. చెమటోడ్చినవానికే కూలి యని మనమును చెప్పుదుము గదా. కాని వాక్యము ఆ మాట చెప్పినవారిని దుష్టులని పిలుచుచున్నది. ఏలయనగా వారి లెక్కలో ఒక అంకె తప్పిపోయెను.

ఆ అంకెను దావీదు చూపెను. ఈ సొమ్ము యెహోవా మనకు ఇచ్చినదని అతడనెను. వాదమంతయు ఆ మాటమీద నిలిచియున్నది. జయము వారి సంపాద్యము కాదు, వరము. వాగు దాటగలిగిన కాళ్లబలము మాత్రము ఎవరిచ్చినది? అదియు వరమే. వరముగా వచ్చినదానిని కూలివలె కొలిచి, నీకు లేదు నాకే యనుట దాతను మరచుట. కాబట్టి యుద్ధమునకు పోయినవానికిని సామాను దగ్గర నిలిచినవానికిని సమభాగమని దావీదు నిర్ణయించెను. ఆ దినమునుండి అది ఇశ్రాయేలులో కట్టడ యాయెను. జాలిపడి ఒకసారి పెట్టిన భిక్ష కాదది, కట్టడ. మంచముమీదనున్న మన సహోదరుడు తిను అన్నము మన దయాధర్మము కాదు. అది అతని వంతు.

సోమరితనము పెరుగదా?

ఇట్లు చెప్పినయెడల సోమరులు పెరుగుదురని కొందరు భయపడుదురు. పని చేయనివాడు తినరాదని పౌలు చెప్పలేదా యని అడుగుదురు. థెస్సలొనీకయులకు వ్రాసిన రెండవ పత్రిక మూడవ అధ్యాయమును నిదానముగా చదువుడి. అచ్చట అపొస్తలుడు పని చేయ నొల్లనివానినిగూర్చి చెప్పెను, చేయలేనివానినిగూర్చి కాదు. ఒల్లకుండుట మనస్సునకు సంబంధించినది; లేకుండుట బలమునకు సంబంధించినది. ఈ రెంటిని కలిపివేయుట ఆ మాటకు అన్యాయము చేయుట.

రెంటిని వేరుపరచుట ఎట్లు? తల తిరుగుడు కంటికి కనబడదు, త్రాసులో తూగదు. నిజమే. అందుచేత ఎప్పుడైనను పొరపాటు జరుగవచ్చును. ఒక సోమరి కొన్ని దినములు ఊరక తినవచ్చును. లేక నిజముగా అలసినవాడొకడు అబద్ధికుడని త్రోసివేయబడవచ్చును. ఈ రెండు పొరపాటులలో ఏది ఘోరమైనది? మొదటిదానివలన కొంత బియ్యము పోవును. రెండవదానివలన అతుకని నడుముతో ఒకడు దుంగ యెత్తి జీవితకాలము చెడిపోవును. లేదా నా సంఘము నన్ను నమ్మలేదను గాయముతో వాగు ఒడ్డున ఒంటరియగును. సంఘము మొదటి పొరపాటుకు భయపడుటకంటె రెండవదానికి భయపడుట క్రీస్తు మనస్సు.

మరియొక మాట వినబడును: ఇప్పుడు పోషించినయెడల ముందుముందు సంఘమునకు పనికివచ్చునని. దీనిని మేలైన మాటయని ఎంచవచ్చును. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో యువ వైద్యురాలైన మేరీ వర్గీసు 1954 జనవరిలో కారు ప్రమాదమునందు వెన్నెముక దెబ్బతిని, నడుము క్రింద కదలిక పోగొట్టుకొనెను. దీర్ఘకాలము మంచముమీద నుండెను. తరువాత వైద్యుడైన పాల్ బ్రాండు ప్రోత్సాహముచేత చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. అమెరికాలో శిక్షణ పొంది వచ్చెను. 1966లో వేలూరులో వికలాంగుల పునరావాస కేంద్రము ఆమె నాయకత్వమున ఏర్పడెను. 1972లో ఆమెకు పద్మశ్రీ బిరుదు కలిగెను. మన తెలుగు ప్రాంతములనుండి వేలూరు వెళ్లినవారు అనేకులు ఆ సేవవలన మేలు పొందిరి. ఇట్టి జీవితముకొరకు దేవుని స్తుతింతము.

అయినను జాగ్రత్త. ఆమె మంచముమీదనున్న దినములలో ఈ ఫలములలో ఒక్కటైనను కనబడలేదు. అప్పుడు ఆమెకు పెట్టిన అన్నము, ఆమెను తిప్పి పండుకొనబెట్టిన చేతులు, రాబోవు పద్మశ్రీని చూచి పనిచేయలేదు. కోలుకొనువారందరు గొప్పవారు కారు. కొందరు మునుపటివలె దుంగలెత్తలేరు. కాపలా ఉద్యోగమో చిన్న అంగడియో చూచుకొందురు. కొందరు ఆ మాత్రమును చేయలేరు. బెసోరు కట్టడలో ఈ షరతు లేదు. ఆ రెండువందలమంది తరువాత ఏ యుద్ధములో గెలిచిరో వాక్యము వ్రాయలేదు. వారి వంతు మాత్రము వ్రాయబడెను.

అలసినవాని బాధ్యత

ఇంతవరకు చెప్పినది విని, అలసినవానికి బాధ్యతయే లేదని తలంచరాదు. ఆ రెండువందలమంది సామాను దగ్గర నిలిచిరి. వాగు దాటలేకపోయినను చేయగలిగినది చేసిరి. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో ఒకని భారములను ఒకడు భరింపవలెనని రెండవ వచనములోను, ప్రతివాడు తన బరువు తానే మోయవలెనని అయిదవ వచనములోను ఉన్నది. ఈ రెండును విరుద్ధములుగా తోచును. గ్రీకు మూలములో వేర్వేరు మాటలున్నవి. మొదటిది బారోస్, అనగా ఒకనిని అణగద్రొక్కు భారము. రెండవది ఫోర్తియోన్, అనగా ఒక్కడు మోయదగిన మూట. నడుము విరిచిన భారమును నలుగురు పంచుకొనవలెను. కోలుకొనువాని చేతిలో చిన్న మూట మాత్రము ఉండనియ్యవలెను.

ఆ మూటలో ఏమున్నవి? ఒకటి, సత్యము. నీరసమును దాచి పనికి పోవుట ధైర్యము కాదు. బలము వచ్చిన తరువాత నీరసమును పెంచి చెప్పుట న్యాయము కాదు. నేడు ఎంత నడువగలనో అంతయే చెప్పుట సత్యము. రెండవది, విధేయత. నిన్న గుమ్మమువరకు నడిచినయెడల, వైద్యుని మాట చొప్పున నేడు వేపచెట్టువరకు నడువవలెను. ఒకనాడు బలము వచ్చినదని చెరువుగట్టువరకు పోయి మూడు దినములు మంచము పట్టరాదు. వంగుట, మెలితిరుగుట, బరువెత్తుట వైద్యుడు సెలవిచ్చువరకు మానవలెను. మూడవది, కృతజ్ఞతతో పుచ్చుకొనుట. మోతపని చేసినవారికి ఇది అన్నిటికంటె కష్టము. ఇతరులను మోసిన భుజములకు, తాము మోయబడుట సిగ్గుగా నుండును. కపెర్నహూములో పక్షవాయువు గలవాడు నలుగురి చేతులలో పరుపుమీద ప్రభువునొద్దకు వచ్చెను. అతడు అడ్డుపడి, నేను నడిచియే వత్తునన్నయెడల ఇంటనే యుండియుండును. మోయబడుటకు ఒప్పుకొనుటయు విశ్వాసమే.

మనస్సు క్రుంగిపోవుట ఈ దినములలో సహజము. ఏలీయా బదరీవృక్షము క్రింద చావు కోరుకొన్నప్పుడు దేవదూత అతనికి ఉపదేశము చేయలేదు. నిద్రపోనిచ్చెను, రొట్టెయు నీళ్లును పెట్టెను, మరల నిద్రపోనిచ్చెను, మరల పెట్టెను. ప్రయాణము అతని శక్తికి మించినదని దేవుడెరుగును. దేవుని మెల్లని స్వరము తరువాత వచ్చెను. కాబట్టి ప్రార్థించుటకైనను శక్తి లేని దినమున, తిని పండుకొనుడి. ఆ దినమున మీ కొరకు సంఘము ప్రార్థించును.

సంఘము బాధ్యత

ఇక సంఘమునకు మా మనవి. ఎపఫ్రొదితు రోగియై చావుకు సిద్ధమై కోలుకొన్నప్పుడు, తాను రోగియైన సంగతి ఫిలిప్పీలో తెలిసినదని మిగుల చింతించెను. అతడు పని మధ్యలో విడిచి వచ్చెనని ఎవరైనను అనకుండ పౌలు ముందుగనే వ్రాసి, పూర్ణ సంతోషముతో చేర్చుకొని ఘనపరచుడని చెప్పెను. ఆసుపత్రినుండి ఇల్లు చేరు సహోదరునికి ముందుగా మన నోటినుండి అట్టి మాట పోవలెను.

తరువాత చేతులు కదలవలెను. మన స్త్రీలు అన్నము వండునప్పుడెల్ల దేవునికొరకు పిడికెడు బియ్యము తీసి యుంచు వాడుక అనేక సంఘములలో నున్నది. నెలలో ఒక వారపు బియ్యమును కోలుకొనుచున్న యింటికి ఏర్పరచుడి. పెద్దలు కూడుకొని, రెండు నెలలు ఏ యింటనుండి ఏ పూట కూర పోవలెనో వ్రాసికొనుడి. యౌవనస్థులలో ఇద్దరు ఉదయము సాయంకాలము వెళ్లి, పక్కన నడచి, నీళ్లు తోడిపెట్టి రావలెను. మరల ఆసుపత్రికి చూపించుకొను దినమున ఒకరు తోడు పోవలెను. గుడిలో అతడు నిలువకుండ కూర్చుండియే పాడునట్లు గోడవారగా ఒక కుర్చీ వేయుడి. సాక్ష్యము కూర్చుండి చెప్పినను దేవుడు ఆలకించును. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను హూరులు ముందుగా కూర్చుండుటకు రాయి వేసిరి గదా.

రోగి భార్యను మరువకుడి. ఆమె నాలుగిండ్ల పని చేసి వచ్చి, రాత్రి అతనిని లేపి పట్టుకొనును. ఆమె అలసటకు చీటి వ్రాయు వైద్యుడు లేడు. శస్త్రచికిత్స జరిగినది స్త్రీకైనయెడల స్థితి మరింత కఠినము; వారము తిరుగకముందే పొయ్యి ఊదవలెననియు, బిందె ఎత్తవలెననియు ఇంటివారు ఎదురుచూతురు. పురుషులారా, బిందె మీరెత్తుడి. నడుము విరిగిన తరువాత ఎత్తి ప్రయోజనమేమి?

బలముగా నున్న మీరును ఎప్పుడైనను ఏదో ఒక వాగు ఒడ్డున నిలిచిపోవుదురు. ముసలితనమో, రోగమో, ప్రమాదమో ఆ దినమును తెచ్చును. ఆ దినమున మీకు దొరకవలసిన వంతును నేడు మీరు ఇతరులకు ఇచ్చు వంతుచేత కట్టడగా నిలుపుచున్నారు. బోయిగూడ హమాలీలను చూడుడి. పెద్ద దుంగకు ఒక్కడు పూనుకొనడు; అందరు ఒక మాట అనుకొని, ఒక్క ఊపున ఎత్తుదురు; ఒకని అడుగు తడబడినయెడల మిగిలినవారు ఆగుదురు. ఆగనియెడల దుంగ అందరిమీద పడునని వారెరుగుదురు. సంఘము ఈ పాటి తెలివి నేర్చుకొనవలెను.

ప్రార్థన

మా నిర్మాణము ఎరిగిన తండ్రీ, మేము మన్నని నీవు జ్ఞాపకము చేసికొనుచున్నావు. కోత గాయముతో ఇల్లు చేరి, లేచినప్పుడు కండ్లు తిరిగి గోడ పట్టుకొను నీ బిడ్డలకు తోడుగా నుండుము. వారి నిద్రను కాపాడుము, ఎముకలను అతికింపుము, మనస్సులోని సిగ్గును తీసివేయుము. వారి అలసటను చూచి తీర్పు తీర్చకుండ మా నోళ్లను కాయుము. నీవు మాకిచ్చిన బలము మాది కాదని గ్రహించి, సామాను దగ్గర నిలిచినవారితో సమముగా పంచుకొను మనస్సు దయచేయుము. మా భారములను సిలువపై మోసిన యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.